కాలేయ రోగులకు ప్రోబయోటిక్స్ ఆసరా ఎంత?

హెపటైటిస్ అంటే కాలేయానికి వచ్చే వాపు. వైరస్‌లు, మద్యం, కొన్ని మందులు దీనికి కారణాలు కాగా, వీటిలో బీ, సీ రకాల వైరస్‌లు ఏళ్ల తరబడి ఒంట్లో తిష్ఠవేసి, కాలేయం గట్టిపడే సిరోసిస్ దశకు దారితీయగలవు. పేగుల రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికే చేరుతుంది గనుక, పేగుల్లోని బ్యాక్టీరియా తయారుచేసే అమ్మోనియాను దెబ్బతిన్న కాలేయం శుద్ధి చేయలేనప్పుడు, అది మెదడుకు చేరి మగతను, అయోమయాన్ని కలిగిస్తుంది.

ప్రోబయోటిక్స్, అంటే తగిన మోతాదులో తీసుకుంటే మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు, ఈ దశలో అక్కరకు రావచ్చు. చండీగఢ్ పీజీఐ వైద్యులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, అలాంటి మగత నుంచి కోలుకున్న సిరోసిస్ రోగులకు ఆరు నెలలపాటు ప్రోబయోటిక్ ఇవ్వగా, ఆస్పత్రిలో చేరవలసిన అవసరం తగ్గింది. అయితే అవి వైరస్‌ను చంపవు.

మరి ఇంటి పెరుగు సంగతేమిటి? నిజామాబాద్ జిల్లా ఆర్మూరు ఇళ్లలో గోరువెచ్చని పాలకు చెంచాడు పెరుగు తోడేస్తే, తెల్లారేసరికి వాటిని గడ్డపెరుగుగా మార్చేవి లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలే. వాటి రకమూ సంఖ్యా ఇంటింటికీ మారతాయి కనుక, ఆ పెరుగు మంచి ఆహారమే కానీ మందు కాదు. ఆ ప్రాంతంలో పండే పసుపు సంగతీ అంతే: కూరలో వేసే చిటికెడు పసుపుతో భయం లేదు గానీ, పసుపులోని కర్కుమిన్‌ను గాఢంగా చేసి, మిరియాల సారం కలిపిన మాత్రలు కొందరి కాలేయాన్నే దెబ్బతీసినట్టు అమెరికా, ఇటలీ వైద్యులు నమోదు చేశారు.

అసలు రక్షణ టీకాలోనూ మందుల్లోనూ ఉంది. హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బీ టీకాను దేశీయంగా తయారుచేసి సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితంగా లభిస్తాయి. ఆ చికిత్సను ఆపకుండా, వైద్యుల సలహాతోనే ప్రోబయోటిక్స్‌ను తోడు చేసుకోవడం రోగికి క్షేమం.