మీకు తెలుసా? షట్‌డౌన్ చేసినా కంప్యూటర్ పూర్తిగా ఆగదు!

హైటెక్ సిటీలో ఉద్యోగమని నోరు జారితే చాలు! పెళ్లి పందిట్లో పక్క కుర్చీ పెద్దాయన ఫోన్ తీసి మీ చేతిలో పెట్టేస్తారు. "బాబూ, ఇది స్లో అయిపోయింది, కాస్త చూడు!" మీరు టెస్టింగ్‌లో ఉన్నా, పేరోల్‌లో ఉన్నా ఆయనకు ఒకటే. తప్పించుకోలేరు! అందుకే కొన్ని జవాబులు దగ్గర పెట్టుకోండి. కాస్త ఇటు జరగండి, ఒక్కొక్కటే చెబుతా!

"రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తూనే ఉన్నా, అయినా ల్యాప్‌టాప్ మొరాయిస్తోంది!" ఎన్నిసార్లు విని ఉంటారీ మాట? అసలు రహస్యం ఇదీ: విండోస్‌లో షట్‌డౌన్ నొక్కితే అది పూర్తిగా ఆగదు! 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, విండోస్ తన గుండెకాయ లాంటి భాగాన్ని యథాతథంగా డిస్కులో దాచుకుని పడుకుంటుంది. పొద్దున అదే బయటికి తీస్తుంది. నిన్నటి పేచీ కూడా దాంతోపాటే వస్తుంది! అంతా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ నొక్కాలి. మాదాపూర్‌లో ఏ హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసినా "ఒకసారి రీస్టార్ట్ చేశారా అండీ?" అనే కదా మొదలుపెడతారు! తప్పించుకోవడానికి కాదండీ. నిజంగానే పనిచేస్తుంది!

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక టీబీ హార్డ్‌డిస్క్ కొన్నారు. ఇంటికొచ్చి విండోస్ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే? 931 జీబీ! మిగతాది ఏమైంది? షాపతను తినేశాడా? పాపం, అతని తప్పేమీ లేదు! తయారుచేసినవాళ్లు వెయ్యితో లెక్క కడతారు. విండోస్ 1024తో లెక్క కడుతుంది. డిస్క్ అదే, లెక్కే వేరు. ఒక్క అక్షరం చోటు కూడా పోలేదు!

ఇంటర్నెట్ బిల్లులోనూ ఇలాంటి మాయే ఉంది! 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నారు. సినిమా డౌన్‌లోడ్ పెడితే సెకనుకు 12.5 ఎంబీ దాటట్లేదు. కస్టమర్ కేర్ మీద కేకలు వేయకండి! ప్లాన్‌లో ఉన్నది మెగాబిట్లు, డౌన్‌లోడ్‌లో కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తేనే ఒక బైట్. అణాల లెక్కను రూపాయల్లో చదువుకున్నట్టు! ఎనిమిదితో భాగించి చూడండి, గొడవే ఉండదు.

ఇప్పుడు చెప్పబోయేది మన తెలుగువాళ్లకే ప్రత్యేకం! 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం చూసి కుప్పకూలాయి! అవును, అక్షరాలా ఒక్క అక్షరం! "జ్ఞా"లాగే కనిపిస్తుంది. కానీ దాని మధ్యలో కంటికి కనిపించని ఒక కోడ్ ఇరుక్కుని ఉంటుంది. జ, పొల్లు, ఞ, ఆ కనిపించనిది, చివర దీర్ఘం. మొత్తం ఐదు. ఆ వరస మెసేజ్‌లో వచ్చిందా, యాప్ ఢమాల్! మళ్లీ తెరిస్తే మళ్లీ ఢమాల్! రోజూ మనం రాసుకునే మామూలు జ్ఞా మాత్రం ఏ పాపమూ ఎరగదు. చివరికి యాపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి మరీ ఊపిరి పీల్చుకుంది. మన వత్తులు రాయలేక బళ్లో ఏడ్చినవాళ్లంతా ఇప్పుడైనా కాలర్ ఎగరేయొచ్చు!

ఆ వత్తుల సంగతి మీ ఫోన్‌లోనే చూస్తారా? "స్త్రీ" అని టైపు చేయండి. కంటికి ఒక్క అక్షరం! ఇప్పుడు బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. చాలా యాప్‌లలో అక్షరం మొత్తం పోదు. దీర్ఘం మాత్రమే ఊడి "స్త్ర" మిగులుతుంది. మళ్లీ నొక్కండి, ర వత్తు పోతుంది. మళ్లీ నొక్కితే పొల్లు. ఇలా పూర్తిగా చెరపడానికి 6 సార్లు నొక్కాలి! కంప్యూటర్ లోపల ఆ ఒక్క అక్షరం ఆరు ముక్కలుగా ఉంటుంది మరి. బ్యాక్‌స్పేస్ పాడైందని ఎవరైనా అంటే ఇది చూపించండి!

ఎస్ఎంఎస్‌లో దీని దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది! ఇంగ్లిష్‌లో ఒక ఎస్ఎంఎస్‌కి 160 అక్షరాలు పడతాయి. అందులో ఒక్క తెలుగు అక్షరం చేర్చండి. హద్దు అమాంతం 70కి పడిపోతుంది! ఆ డెబ్బైలో స్త్రీ ఒక్కటే ఆరు మింగేస్తుంది. బ్యాంకు మెసేజ్‌లు తెలుగులో ఎందుకు రావో అర్థమైందా? ఇదొక్కటే కారణమని నేననను. కానీ లెక్క లెక్కే!

మరి ఫోన్ మన మాట వింటోందే, ఆ విద్యకు దారి వేసినవాళ్లలో ఒకరు తెలుగాయనే, తెలుసా? చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి! మనిషి మాటను యంత్రానికి అర్థం చేయించే పనిలో తొలితరం మనిషి. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ రంగంలో అంతకు మించిన బహుమతి లేదు! గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ పాలకమండలికి అధ్యక్షులుగానూ పనిచేశారు. ఈసారి ఫోన్‌కి "అమ్మకి కాల్ చెయ్" అని చెప్పేటప్పుడు ఆయన్నొకసారి తలుచుకోండి!

మీరు చాయ్ తాగే బండి మీది క్యూఆర్ కోడ్‌ని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? ఒక మూల టీ మరక. ఇంకోచోట గీత. అంచున ప్లాస్టిక్ లేచిపోయింది. అయినా ఫోన్ చూపించగానే టక్కున పేరొచ్చేస్తుంది! ఎలా? ఆ గళ్లలో అసలు సమాచారంతో పాటు, పోయినదాన్ని తిరిగి లెక్కగట్టుకునే సమాచారం కూడా దాచిపెడతారు. అన్నిటికన్నా గట్టి రకంలో 30 శాతం దాకా చెడిపోయినా చదివేస్తుంది! అందుకే మధ్యలో దర్జాగా బొమ్మ అచ్చేస్తున్నారు. మూలల్లో ఉన్న మూడు పెద్ద గళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. అవి లేకపోతే ఫోన్‌కి కోడ్ ఎక్కడుందో తెలియదు!

ఆ క్యూఆర్ కోడ్‌తో చేసే యూపీఐ చెల్లింపుల గురించే ఇంకొక్క మాట. డబ్బు మీకు రావాలంటే పిన్ అక్కర్లేదు! ఏ సందర్భంలోనూ అక్కర్లేదు! పిన్ కొట్టమన్నారంటే డబ్బు మీ ఖాతా నుంచి పోతోందనే అర్థం. పొరపాటున కొట్టేశారా? సిగ్గుపడుతూ కూర్చోవద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి! ఆ డబ్బు ఖాతాలు మారకముందే పట్టుకోవాలి. ఎంత తొందరగా చెబితే అంత మంచిది.

ఫోన్ పోయిందా? పోకముందే ఒక పని చేయండి, ఇప్పుడే! స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కండి. కాల్ బటన్ కూడా అక్కర్లేదు. 15 అంకెల ఐఎంఈఐ నంబరు తెరమీద ప్రత్యక్షం! కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఫోన్‌లోనే సేవ్ చేసుకునే తెలివైనవాళ్లూ ఉంటారు, వాళ్లలో ఒకరు కాకండి! ఫోన్ పోయిన రోజు పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ప్రభుత్వ సైట్ సంచార్ సాథీలో ఆ నంబరు కొడితే చాలు. దొంగ సిమ్ మార్చినా ఆ ఫోన్ దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు!

తడిసిన ఫోన్‌ని బియ్యం డబ్బాలో పాతిపెట్టడం మనకు అలవాటు. వద్దు! బియ్యం వద్దని యాపిలే చెబుతోంది! నలకలు లోపలికి పోయి ఉన్నది కూడా పాడవుతుందట. ఛార్జింగ్ పెట్టేచోట నీళ్లు పోతే ఆ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టండి. గాలి తగిలేచోట వదిలేయండి. పూర్తిగా ఆరడానికి 24 గంటలు కూడా పట్టొచ్చు. సోనా మసూరిని అన్నానికి ఉంచండి!

నీళ్లే కాదు, ఎండా శత్రువే! ఐఫోన్ వాడటానికి చుట్టూ ఉండాల్సిన వేడి ఎంతవరకో తెలుసా? 35 డిగ్రీలు, అంతే! మే నెల హైదరాబాద్‌లో మధ్యాహ్నానికి ఆ అంకె దాటిపోతుంది. దుర్గం చెరువు ఒడ్డున ఎండలో కారు ఆపి, ఫోన్ డ్యాష్‌బోర్డు మీద వదిలి వెళ్లారా? తిరిగొచ్చేసరికి "చల్లారనివ్వండి" అని అది బోర్డు పెట్టేస్తుంది! ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. లోపల చెమ్మ పట్టిందంటే అదో కొత్త గొడవ.

ఆఫీసు ప్యాంట్రీ పక్క మీటింగ్ రూమ్‌లో సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకే వీడియో కాల్ ఎందుకు తెగుతుందో ఆలోచించారా? ఎవరో పప్పన్నం వేడి చేసుకుంటున్నారు! మైక్రోవేవ్ ఒవెన్ పనిచేసేది దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. పాత రకం వైఫై తిరిగేదీ ఆ వీధిలోనే! తలుపు సందుల్లోంచి కాస్త తరంగం బయటికి జారినా చాలు, సిగ్నల్ తడబడుతుంది. ఐదు గిగాహెర్ట్జ్ వైఫైకి మారిపోండి. పప్పన్నం మానక్కర్లేదు!

కాపీ చేసింది ఒక్కటే గుర్తుంటుందనుకుంటున్నారా? విండోస్ కీ పట్టుకుని వి నొక్కండి! మొదటిసారి ఆన్ చేయమని అడుగుతుంది, సరే అనండి. ఇక మీరు కాపీ చేసినవి 25 దాకా వరసగా కనిపిస్తాయి! ఏది కావాలంటే అది అతికించుకోవచ్చు. పక్క సీటు అబ్బాయికి ఇది చూపించండి, మధ్యాహ్నం చాయ్ ఖర్చు అతనిదే!

మేనేజర్‌కి మెయిల్ కొట్టేశారు. పంపిన మరుక్షణం పేరు తప్పు రాసినట్టు కనిపించింది! జీమెయిల్ సెట్టింగుల్లోకి వెళ్లి "అన్‌డూ సెండ్" గడువు 30 సెకన్లకు పెంచుకోండి. మామూలుగా అయిదే ఇస్తుంది, గుండె దడ తగ్గడానికే చాలదు! వాట్సాప్ ఇంకా ఉదారం. పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల దాకా సరిదిద్దుకోవచ్చు.

ఇన్‌కాగ్నిటో తెరిస్తే ఎవరికీ తెలియదనే భ్రమ ఇంకా ఉందా? ఆఫీసు నెట్‌వర్క్‌కి కనిపిస్తూనే ఉంటారు! అది చెరిపేది మీ కంప్యూటర్‌లోని చరిత్రనే. దీని మీద అమెరికాలో కేసు నడిచింది కూడా. 2024లో రాజీ కుదిరి, వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది! ఉద్యోగాలు వెతుక్కునేది సొంత ఫోన్‌లో, సొంత డేటాతో వెతుక్కోండి. మిగతాది మీకే తెలుసు!

"ఫొటోలు క్లౌడ్‌లో ఉన్నాయి" అంటే పెద్దాయన ఆకాశం వంక చూస్తారు. నవ్వకండి, నేలను చూపించండి! అమెజాన్ వాళ్ల క్లౌడ్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో మొదలైంది. ప్రపంచంలో వాళ్లకది 30వ రీజియన్! క్లౌడ్ అంటే కరెంటుతో నడిచి, ఏసీలతో చల్లబడే గదులే. మబ్బు లేదు, వాన లేదు!

సేవ్ బటన్ మీద ఉండే బొమ్మ ఏమిటని మీ పిల్లలు అడిగారా? ఫ్లాపీ డిస్క్! 1998 నవంబర్ 22న వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించిన రోజుల్లో అందరి జేబుల్లో అదే! దాంట్లో పట్టేది 1.44 ఎంబీ. ఇవాళ మీరు ఆ టవర్స్ ముందు సెల్ఫీ దిగితే ఆ ఒక్క ఫొటో కూడా అందులో పట్టకపోవచ్చు!

చివరిది కాస్త భయపెడుతుంది! వై2కే గుర్తుందిగా? అమీర్‌పేట కుర్రాళ్లను అమెరికా విమానం ఎక్కించిన ఆ రెండు సున్నాల గండం! దానికి తమ్ముడొకడు ఉన్నాడు. 32 బిట్లలో కాలాన్ని సెకన్లుగా లెక్కపెట్టుకునే పాత యంత్రాలకు 2038 జనవరి 19న అంకెలు అయిపోతాయి. మన గడియారంలో సరిగ్గా ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు! మరుసటి సెకనుకి అవి 1901లోకి దూకేస్తాయి! కొత్త ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు 64 బిట్లకు మారిపోయాయి, వాటికి బెంగలేదు. ఎక్కడో గోడల్లో, మిషన్లలో ఇరుక్కుపోయిన పాత పెట్టెలతోనే చిక్కు. ఆ రోజు మంగళవారం, సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లంతా తిరిగొచ్చేసి ఉంటారు. ఆ పొద్దుటి ఆన్‌కాల్ డ్యూటీ ఎవరిదో ఇప్పుడే కనుక్కుని, సెలవు పెట్టేసుకోండి!