జేబులో ఆట – చేతిలో పాట

వీడియో గేమ్ గురించి మన హాస్టళ్లలో రెండే అభిప్రాయాలున్నాయి. తమ్ముళ్లకు అది ప్రాణం. వార్డెన్ సార్లకు, ఇంటి దగ్గర అమ్మానాన్నలకు అది చదువు చెడగొట్టే దయ్యం. ఈ సంచికలో మేము మూడో మాట ఒకటి చెప్పదలచుకున్నాం. అరచేతిలో పట్టే ఆట డబ్బా ఒక వాయిద్యం కూడా. దాని మీద పాట కట్టవచ్చు, దరువు వేయవచ్చు. ప్రపంచంలో వేలమంది ఆ పని చేస్తున్నారు. మేము నలుగురు మిత్రులం కూడా పీజీలో చేరినప్పటి నుంచి సరదాగా చేస్తున్నాం. అది ఎలా సాధ్యమో, మనలాంటి వాళ్లకు దానితో ఏమి పనో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఆటలన్నీ ఒకటి కావు. డబ్బు పెట్టి ఆడే రమ్మీలు, బెట్టింగులు ఆటలే కావని మా అభిప్రాయం. స్కాలర్‌షిప్ డబ్బులు వాటిలో పోసి, మెస్ బిల్లుకు అప్పు చేసినవాళ్లను మేము కళ్లారా చూశాం. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టాలు సవరించి వీటిని నిషేధించారు. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. ఆ గొడవను ఇక్కడితో వదిలేద్దాం. మేము మాట్లాడేది ఒకసారి కొంటే మళ్లీ పైసా అడగని, ఇంటర్నెట్ అక్కరలేని పాత ఆట డబ్బా గురించి.

జాతరల్లో, ఎగ్జిబిషన్లలో 'బ్రిక్ గేమ్' అని అమ్మేవారు, గుర్తుందా? పైనుంచి ఇటుకలు పడుతుంటే వరుస నింపాలి. ఆ ఆట అసలు పేరు టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే కంప్యూటర్ నిపుణుడు తయారుచేశాడు. దాన్ని ఇంటింటికీ చేర్చింది మాత్రం జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1989 ఏప్రిల్‌లో విడుదల చేసిన గేమ్ బాయ్. ఆ టెట్రిస్‌లో వినిపించే ప్రసిద్ధమైన బాణీ ఎవరో కొత్తగా కట్టింది కాదు, ఊరూరా తిరిగి సరుకు అమ్ముకునేవాళ్ల గురించిన రష్యన్ జానపదం. హిరోకాజు తనకా అనే సంగీతకారుడు దాన్ని ఆ చిన్న డబ్బాకు సరిపడేలా మలిచాడు. జానపదాన్ని యంత్రంలో పెట్టడం అనే ఈ మాటను గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ వస్తాం.

గేమ్ బాయ్ వెనుక ఉన్న మనిషి గున్‌పెయ్ యొకొయ్. 1965లో నింటెండోలో చేరినప్పుడు ఆయన పని పేకముక్కలు తయారుచేసే యంత్రాల మరమ్మతు. కొత్తగా వచ్చిన ఖరీదైన సాంకేతికత వెంట పరుగెత్తకుండా, బాగా పాతబడి చవకైన వస్తువును కొత్త పనికి వాడాలన్నది ఆయన సిద్ధాంతం. అందుకే గేమ్ బాయ్‌కు రంగుల తెర లేదు, నాలుగు ఛాయలే. తెర మీద అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. సాధారణ పెన్సిల్ సెల్లులు నాలుగు వేస్తే పది పదిహేను గంటలు నడిచేది. మరుసటి ఏడాది సెగా కంపెనీ రంగుల తెరతో గేమ్ గేర్ తెచ్చింది. దానికి ఆరు సెల్లులు కావాలి, అవీ నాలుగైదు గంటల్లో అయిపోయేవి. చివరికి ఎవరు గెలిచారో చెప్పనక్కరలేదు. గేమ్ బాయ్, దాని రంగుల రూపం కలిపి దాదాపు 11 కోట్ల 87 లక్షలు అమ్ముడయ్యాయి. ఒకే బల్బు కింద పదిమంది చదువుకునే మనకు యొకొయ్ సిద్ధాంతం కొత్తేమీ కాదు!

ఇక సంగీతం సంగతికి వద్దాం. గేమ్ బాయ్ లోపలి చిప్‌కు నాలుగే గొంతులు.

మొదటి రెండూ ఒకే జాతి. స్పీకర్‌ను 'ముందుకు–వెనక్కి, ముందుకు–వెనక్కి' అని స్విచ్ వేసి తీసినట్టు కదిలించడమే వాటి పని. సమానంగా సగం సేపు ముందుకు, సగం సేపు వెనక్కి ఉంటే బోలుగా, గుండ్రంగా వినిపిస్తుంది. ముందుకు ఉండే సమయాన్ని ఎనిమిదో వంతుకు తగ్గిస్తే అదే స్వరం సన్నగా, ముక్కుతో పాడినట్టు మారుతుంది. స్వరం ఒకటే, గొంతు వేరు. మొదటి గొంతుకు అదనంగా స్వరాన్ని పైకీ కిందికీ తనంతట తానే జార్చే సౌకర్యం ఉంది. ఆటలో బొమ్మ ఎగిరినప్పుడు వచ్చే 'టుయ్' శబ్దం అలాంటిదే.

మూడో గొంతు మన ఇష్టం. 32 మెట్లున్న చిన్న పటంలో ఒక్కో మెట్టు ఎంత ఎత్తుండాలో (0 నుంచి 15 వరకు) మనమే పెట్టుకోవచ్చు. ఆ గీత ఆకారమే శబ్దం అవుతుంది. గుండ్రంగా గీస్తే మెత్తగా, రంపం పళ్లలా గీస్తే గరుకుగా వస్తుంది. ఫిజిక్స్ పుస్తకంలో తరంగాల పాఠం మాకు ఇంటర్‌లో కంటే ఇక్కడే బాగా అర్థమైంది.

నాలుగోది శబ్దమే కానీ స్వరం కాదు. రేడియోలో స్టేషన్ దొరకనప్పుడు వచ్చే 'ష్...' లాంటిది. దాన్ని క్షణంలో కోస్తే తాళం, కాస్త సాగదీస్తే గజ్జె, ఇంకా సాగదీస్తే వాన.

నాలుగు గొంతులతో పెద్ద పాట ఎలా అని అనుమానం రావచ్చు. చర్చిలో కీబోర్డు వాయించే మన మిత్రులకు తెలుసు, ఒక కార్డ్‌కు కనీసం మూడు స్వరాలు ఒకేసారి పలకాలి. మూడు గొంతులూ దానికే ఇచ్చేస్తే పాడేదెవరు? అందుకని ఆటల సంగీతకారులు ఒక ఉపాయం పట్టారు. ఒకే గొంతుతో మూడు స్వరాలనూ ఒకదాని వెంట ఒకటి సెకనుకు అరవైసార్ల వేగంతో మార్చేస్తారు. చెవి మోసపోయి, కార్డ్ విన్నాననుకుంటుంది. పాత ఆటల పాటల్లో వినిపించే ఆ 'బులబుల' శబ్దం శైలి కోసం పుట్టలేదు, లేమిలోంచి పుట్టింది. శైలి అనే పేరు తర్వాత వచ్చింది.

ఇదంతా ఆట తయారుచేసే కంపెనీల చేతిలో ఉన్న విద్య. మామూలు మనిషి చేతికి ఎలా వచ్చింది? 1998లో జర్మనీలో ఒలివర్ విట్‌చో అనే కళా విద్యార్థి గేమ్ బాయ్‌లో పెట్టి వాడే 'నానోలూప్' అనే సంగీత కార్ట్రిడ్జ్ చేశాడు. 2000లో స్వీడన్‌కు చెందిన యొహాన్ కొట్లిన్‌స్కి 'లిటిల్ సౌండ్ డీజే' తెచ్చాడు. మేము ఎక్కువగా వాడేది ఈ రెండోదే. నాలుగు బాణపు గుర్తులు, నాలుగు బటన్లు, అంతే. వాటితోనే పాట మొత్తం రాయాలి.

రాసే పద్ధతి మన అటెండెన్స్ రిజిస్టరులా ఉంటుంది. పై నుంచి కిందికి 16 గడులు. ఒక్కో గడిలో ఏ స్వరం, ఏ వాయిద్యం, దానికేమైనా ప్రత్యేక ఆదేశమా అని నింపాలి. ఈ 16 గడుల ముక్కను ఫ్రేజ్ అంటారు. ఫ్రేజులను గుచ్చితే చైన్. చైన్లను నాలుగు గొంతులకూ పక్కపక్కన పేరిస్తే పాట. అంకెలు మాత్రం మొదట తికమక పెడతాయి. తొమ్మిది తర్వాత పది రాదు, ఎ, బి, సి అని ఎఫ్ దాకా వెళ్లి అప్పుడు 10 వస్తుంది. డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నవాళ్లకు ఇది తెలిసిన లెక్కే.

మరి 16 గడుల్లో మన తాళం ఇముడుతుందా? ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు, అక్షరానికి రెండు గడులిస్తే చక్కగా సరిపోతుంది. మిశ్ర చాపుకు ఏడు కావాలి. దానికీ దారి ఉంది. 14 గడులు వాడుకుని, పదిహేనో గడిలో 'హెచ్' అనే ఆదేశం రాస్తే మిగతా రెండూ వదిలి తర్వాతి ఫ్రేజుకు దూకుతుంది. ఖండ చాపుకు పది గడులు. గమకాలకు జార్చే ఆదేశం ఒకటి, వణికించే ఆదేశం ఒకటి ఉన్నాయి. అయితే ఇక్కడ యంత్రానికి ఒక పరిమితి ఉంది. అది 131072ను ఏదో ఒక పూర్ణసంఖ్యతో భాగించగా వచ్చే పౌనఃపున్యాన్నే పలకగలదు. 298తో భాగిస్తే 439.8 హెర్ట్జ్, 297తో అయితే 441.3. ఇక్కడ మెట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, గమకం నునుపుగా జారుతుంది. బాగా పైకి వెళ్తే 32తో భాగించి 4096, 31తో భాగించి 4228. మధ్యలో ఏమీ లేదు! పై స్థాయిలో గమకం మెట్లమీద నుంచి దూకినట్టే వినిపిస్తుంది. అందుకే మోహన రాగంలో మేము కట్టిన చిన్న బాణీని మధ్య స్థాయి దాటకుండా ఉంచాం.

మాకు అన్నింటికన్నా ఆనందం ఇచ్చింది డప్పు. మన ఊళ్లలో డప్పు ఎవరు కొడతారో, ఆ కొట్టేవాళ్లను ఎక్కడ నిలబెడతారో ఈ సంచిక చదివేవారికి చెప్పాల్సిన పనిలేదు. ఇంట్లో మొదటి డిగ్రీ చేతికొచ్చాక మాలో కొందరు డప్పు మాట ఎత్తడానికే మొహమాటపడేవారు. కానీ గడుల్లో రాయడానికి కూర్చుంటే తెలిసింది, అది ఎంత లెక్క ఉన్న విద్యో! కుడిచేతి లావు పుల్ల ఇచ్చే 'ధన్' కోసం మూడో గొంతులో ఒక స్వరాన్ని పై నుంచి కిందికి ఠక్కున జార్చాలి. ఎడమచేతి సన్నపుల్ల 'కిట' కోసం నాలుగో గొంతును చాలా పొట్టిగా కోయాలి. ఇంతవరకు తేలికే. కానీ అన్ని గడులనూ సమానంగా నడిపిస్తే అది డప్పులా ఉండదు, గోడగడియారంలా ఉంటుంది. డప్పు కొట్టే మామ చేతిలో ఒక దెబ్బ కాస్త ఆగి పడుతుంది, తర్వాతది తొందరగా అందుకుంటుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లో 'గ్రూవ్' అనే పేజీ ఉంది. మామూలుగా ప్రతి గడికీ ఆరేసి క్షణికాలు ఉంటాయి. వాటిని ఎనిమిది–నాలుగు అనో, ఏడు–ఐదు అనో మార్చితే నడక వస్తుంది. ఎనిమిది–నాలుగు మరీ కుంటినట్టుంది. మా ఊరి పెళ్లి దరువుకు ఏడు–ఐదు దగ్గరగా కుదిరింది. అచ్చం అదే అని మాత్రం అనలేం. మంట మీద కాచి బిగించిన తోలు పలికే పలుకు ఈ చిప్‌కు లేదు, రాదు కూడా. దరువు లెక్కను కాగితం మీద పెట్టినట్టు పెట్టగలిగాం, అంతవరకే.

'పాత చెత్త యంత్రాలతో సంగీతమేమిటి?' అని నవ్వేవారికి ఒక చరిత్ర చెప్పాలి. జపాన్‌కే చెందిన రోలాండ్ కంపెనీ 1981లో టీబీ–303 అనే చిన్న యంత్రం తెచ్చింది. గిటార్ వాయించేవారికి తోడుగా బేస్ వాయిస్తుందని అమ్మారు. ఎవరికీ నచ్చలేదు, మూడేళ్లలో తయారీ ఆపేశారు. సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో చవకగా పడి ఉన్న వాటిని చికాగో నల్లజాతి యువకులు కొని, బటన్లు అడ్డదిడ్డంగా తిప్పి కొత్త శబ్దం తీశారు. 1987లో 'ఫ్యూచర్' అనే బృందం విడుదల చేసిన రికార్డుతో ఆసిడ్ హౌస్ అనే సంగీత ప్రక్రియకే పేరొచ్చింది. ఇంకా విచిత్రం, అంతకు ఐదేళ్ల ముందే, 1982లో, బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ అదే యంత్రంతో పది రాగాలను డిస్కో తాళానికి వాయించి రికార్డు చేశాడు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవారు లేరు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది. ఆయన 2015లో మరణించారు.

ఇప్పుడు ఖర్చు సంగతి. అసలు గేమ్ బాయ్ మనకు దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. అక్కరలేదు కూడా. అదే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ మీద ఎమ్యులేటర్ అనే ఉచిత ప్రోగ్రాంలో నడుస్తుంది. 'మిల్కీట్రాకర్', 'ఫర్నేస్' వంటివి పూర్తిగా ఉచితం, రాసే పద్ధతి ఇదే గడుల పద్ధతి. హాస్టల్ మూలన దుమ్ము కొట్టుకుని ఉన్న పాత కంప్యూటర్‌కు మిల్కీట్రాకర్ బరువు కానే కాదు. పది, ఇంటర్ చదివే తమ్ముళ్ల ఫోన్లు వార్డెన్ సార్ బీరువాలో ఉంటాయి కనుక, ఆదివారం ఒక గంట ఆ కంప్యూటర్ తెరిపిస్తే చాలు. శబ్దం గొడవ రాకుండా ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి. ఒకవేళ నిజమైన కార్ట్రిడ్జ్ ఎవరికైనా దొరికితే, లోపల గుండ్రటి చిన్న బ్యాటరీ ఉంటుందని మరవద్దు. చాలావాటిలో పాటలను కాపాడేది అదే. అది అయిపోతే రాసిందంతా చెరిగిపోతుంది. పాట పూర్తికాగానే కంప్యూటర్‌లోకి కాపీ తీసుకోవాలి, మొత్తం కలిపినా 128 కేబీ మించదు.

మేము ఇప్పటికి మూడు దరువులు రాయగలిగాం. ఒక్కో జిల్లాకు, ఒక్కో సందర్భానికి దరువు మారుతుంది కాబట్టి మా చేతిలో ఉన్నది చాలా తక్కువ. సెలవులకు ఊరెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక పని చేయగలరా? మీ ఊళ్లో డప్పు కొట్టే పెద్దవారి దగ్గర కూర్చుని, పెళ్లికి ఒకటి, బోనాలకో జాతరకో ఒకటి, చావుకు ఒకటి, నెమ్మదిగా కొట్టించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఏ దరువుకు ఏ పేరో, ఎప్పుడు కొడతారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి రాసుకోండి. పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు కూడా పంపవచ్చు. సంచిక సంపాదకవర్గం దగ్గర ఇస్తే మాకు చేరుతుంది. కూర్చుని గడులు లెక్కపెట్టే పని మేము చూసుకుంటాం.