రాసినది ఎవరు?

వేమన పద్యం అనగానే చివరి పాదంలోని మకుటం గుర్తుకు వస్తుంది. పద్యం ఎవరిదో చెప్పడానికి అదే ఆనవాలు. అయితే ఆ మకుటాన్ని పద్యంలో చేర్చేది పద్యం అల్లినవారే కదా! వేరొకరు తమ పద్యానికి దానిని తగిలిస్తే అడ్డుకునేవారు లేరు. అందుకే ఆ మకుటంతో దొరికిన పద్యాలలో వేమన చెప్పినవి ఏవో, ఇతరులు చేర్చినవి ఏవో తేల్చడం పండితులకు నేటికీ కష్టంగానే ఉంది.

కంప్యూటర్ల కాలంలో ఈ చిక్కు మరింత పెద్దది. చేతిరాత అయితే దస్తూరీని బట్టి కొంత పోల్చుకోవచ్చు. తెరమీద అందరి అక్షరాలూ ఒక్క తీరుగానే ఉంటాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియానే చూడండి. ఆ విజ్ఞాన సర్వస్వంలో ఎవరైనా వ్యాసం రాయవచ్చు. ఇతరులు రాసినదానిని దిద్దవచ్చు. ఏ మాట ఎవరు చేర్చారో తెలియకపోతే అక్కడ మంచికీ చెడ్డకూ జవాబు చెప్పేవారే ఉండరు.

హోసూరులోని ఒక తెలుగు విద్యార్థిని తన ఊరి చెరువును గురించి నాలుగు వాక్యాలు రాయదలచింది అనుకుందాం. ముందుగా ఆమె ఒక వాడుకరి పేరునూ, పాస్‌వర్డునూ ఎంచుకొని ఖాతా తెరుస్తుంది. వికీపీడియాను నడిపే దూరపు కంప్యూటరును సర్వర్ అంటారు. అది ఆ ఖాతాకు ఒక సంఖ్యను కేటాయిస్తుంది. ఆ సంఖ్య మరొకరికి ఉండదు.

పాస్‌వర్డు చెప్పి లోపలికి వచ్చిన తరువాత సర్వర్ ఆమెను ఎలా గుర్తుపడుతుంది? ఒక పుట అడిగితే పంపడం వరకే దాని సహజమైన పని. మరు నిమిషంలో అదే మనిషి ఇంకొక పుట అడిగినా కొత్తవారిగానే చూస్తుంది. ఈ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ 'కుకీ' అనే ఉపాయం కనిపెట్టాడు. గుడి ముందు చెప్పులు దాచేవాడు మన ముఖం గుర్తుపెట్టుకోడు. చేతికి ఒక టోకెను ఇస్తాడు. కుకీ అటువంటి టోకెనే. విద్యార్థిని వాడే కంప్యూటరు ప్రతిసారీ దానిని సర్వర్‌కు చూపిస్తుంది. టోకెను ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వారివే అయినట్లు, బడిలోని కంప్యూటరులో ఖాతా మూయకుండా లేచిపోతే తరువాత కూర్చున్నవారి రాతలు ఆమె పేరుమీదే పడతాయి.

ఇక అసలు సంగతి. ఆమె నాలుగు వాక్యాలు రాసి భద్రపరచినప్పుడు సర్వర్ "నీ పేరు ఏమిటి?" అని అడగదు. అడిగితే ఎవరైనా ఎవరి పేరైనా చెప్పవచ్చు. పుటలో కనబడకుండా దాచిన సంఖ్యను పంపమన్నా, తెలిసినవాడు 17ను 18గా మార్చి పంపగలడు. అందువల్ల మంచి సర్వర్ రాసినవారి మాటను నమ్మదు. టోకెనును చూసి, అది ఏ ఖాతాకు ఇచ్చినదో తన పట్టికలో తానే వెదకి, ఆ సంఖ్యనూ సమయాన్నీ వాక్యాల పక్కన తానే నమోదు చేస్తుంది. మకుటం తగిలించే పని కవి చేతిలోనుంచి లేఖకుడి చేతికి మారిందన్నమాట.

పేరుకు బదులు సంఖ్యను నమోదు చేయడంలో మరొక సౌలభ్యం ఉంది. రేపు ఆమె వాడుకరి పేరు మార్చుకుంటే, ఒక్కచోట దిద్దితే చాలు. పాత రాతలన్నీ కొత్త పేరుతో కనిపిస్తాయి. అయితే ఈ ముడి ఖాతాకే గాని మనిషికి కాదు. కలం పేరుతో ఖాతా తెరిచినవారు నిజంగా ఎవరో చరిత్ర పుట చెప్పదు.

నెల తరువాత ఎవరో ఆ వాక్యాలను చెరిపివేశారనుకుందాం. వ్యాసంతోపాటు ఉండే చరిత్ర పుటలో పాత పాఠం, తేదీ, ఆమె వాడుకరి పేరు అలాగే ఉంటాయి. ఆమె గాని, చదివిన మరొకరు గాని దానిని తిరిగి నిలపవచ్చు. ఖాతాతో వచ్చి చెరిపినవారైతే వారి వాడుకరి పేరు కూడా ఆ వరుసలోనే కనిపిస్తుంది.