బిడ్డ దిగులునకు ఫోను తోడగునా?

పరీక్షలు దగ్గఱపడిన దినములలో కడుపునొప్పి యని మంచము దిగని బిడ్డ మనలో ననేకుల యిండ్ల నుండును. తొలుత వాము కషాయ మిత్తుము. పిమ్మట దిష్టి తీయుదుము. అప్పటికిని తగ్గనిచో, బడి యెగవేయుటకు వంక యని కసరుదుము. అట్లు కసరిన వారిలో నేనును ఒకతెను. అందుచేతనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా యింట పాలు పోయు నామెకు పదవ తరగతి చదువు కూతురు కలదు. తెల్లవారి బడివేళ యగుసరికి ఆ పిల్లకు కడుపు మెలిపెట్టును, చేతులు చల్లబడును. తాయెత్తు కట్టిరి. పట్టణమునకు గొనిపోయి చూపగా, కడుపులో రోగమేమియు లేదని వైద్యుడు చెప్పెను. ఆ సంగతి విని, "చూచితివా, అంతయు నటనయే!" యని నేను తల్లితో నంటిని. గుమ్మము కడ నిలిచిన ఆ పిల్ల నా మాట వినెను. అప్పటి దాని ముఖము నేటికిని నా కన్నులకు గట్టినట్లున్నది.

అది నటన కాదని తరువాత తెలిసికొంటిని. మనస్సు వెఱచినపుడు గుండె వడిగా కొట్టుకొనును; ఊపిరి నిలువదు; కడుపు బిగిసికొనును; రాత్రి నిద్ర రాదు. నొప్పి నిజమైనదే, దాని మూలము మాత్రము కడుపులో లేదు. భయము గొలుపు చోటికి పోకుండ ఇంట నున్నచో ఆ పూటకు నెమ్మది కలుగును గాని, మఱునాటికి భయము మఱింత పెరుగును. ప్రపంచమందు 10 మొదలు 19 ఏండ్ల ప్రాయము వారిలో ప్రతి యేడుగురికి నొకరు ఏదో యొక మానసిక రుగ్మతతో బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆందోళన వానిలో ముఖ్యమైనది.

ఐనను పల్లెలలో మనోవైద్యు డెక్కడ? పట్టణమునకు పోవలెనన్న బస్సు ఛార్జీలు కావలెను. ఒక దినపు కూలి పోవును. అన్నిటికంటె మించి, "పిల్లకు మతి చెడినదట" యను మాట పుట్టునేమో యను జంకు. పేదతల్లి ఈ మూడింటిని దాటి పోవుట సులభము కాదు.

ఇట్టివారి కొఱకే భారత ప్రభుత్వము 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన టెలీ మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో, రేయింబవళ్ళు ఏ వేళనైనను శిక్షణ పొందిన వారు బదులు పలుకుదురు. రుసుము లేదు. తెలుగులోనే మాటలాడవచ్చును. మీటల ఫోనైనను చాలును. స్మార్టుఫోను గలవారికై 2024లో ఒక యాప్ కూడ వచ్చినది.

గోవాలోని సంగాత్ అను సంస్థ మఱియొక త్రోవ త్రొక్కినది. బడిపిల్లల కొఱకు వారు ఫోనులో ఆడుకొను ఆట నొకదానిని కూర్చిరి. అందు పిల్లల కథలుండును. కథలోని పిల్లకు వచ్చిన చిక్కు ఏది? దానికి గల ఉపాయము లెవ్వి? వానిలో నేది చేసి చూడవచ్చును? ఈ మూడు మెట్లును ఆడుచు నేర్చి, పిమ్మట తన చిక్కునకు తానే అన్వయించుకొనవలెను. ప్రక్కన ఒక కౌన్సిలరు ఉండి సాయపడును.

ఈ ప్రక్కనుండుట యన్నదే ముఖ్యము. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలో జరిపి 2020లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. కొందఱు పిల్లలకు ఇట్టి ఉపాయములు నేర్పు చిన్న బొమ్మల పుస్తకములు మాత్రమే యిచ్చిరి. మఱికొందఱికి పుస్తకములతో పాటు కౌన్సిలరు తోడును ఇచ్చిరి. తోడు దొరకిన వారే తమ చిక్కులను ఎక్కువగా చక్కబెట్టుకొనగలిగిరి. ఆ కౌన్సిలర్లు వైద్యులు కారు. కొంత శిక్షణ పొందిన సామాన్యులు. పుస్తకమునకు నిజమైనది ఫోనునకు మాత్రము నిజము కాకపోవునా?

పాలామె కూతురి కథకు వత్తును. ఆశా కార్యకర్త యొకతె వారికి 14416 సంగతి చెప్పినది. ఇంట ఫోనొక్కటే, అది తండ్రిది. పిల్ల దానిని తీసికొని పెరటిలోనికి పోగా, "ఎవరితో నీ గుసగుసలు?" అని తండ్రి లాగుకొనెను. మన ఆడపిల్లలకు సాధనము లేకపోవుట యొక కొఱత. ఉన్న సాధనమును అనుమానము లేకుండ వాడుకొనలేకపోవుట అంతకంటె పెద్ద కొఱత. మఱునాటి సాయంకాలము తల్లి తానే ఫోను తెచ్చి కూతురి చేతికిచ్చి, మాటలు వినబడనంత దూరమున, పెరటి తలుపు కడ కూర్చుండెను. ఎవ్వరిని లోనికి పోనీయలేదు. పిల్ల చాలసేపు మాటలాడెను, ఏడ్చెను. ఆ తరువాత మఱి రెండు మూడు పర్యాయములు మాటలాడెను. కడుపునొప్పి పూర్తిగా మానలేదు. పరీక్షల వేళ రెండు దినములు మరల వచ్చినది. ఐనను పిల్ల ఊపిరి మెల్లగా తీసి మెల్లగా విడుచుచు, నొప్పితోనే పోయి అన్ని పరీక్షలును వ్రాసి వచ్చినది.

కావున సోదరీమణులకు నా మనవి యిది. బిడ్డ నొప్పి యనినపుడు ముందు నమ్ముడు. వైద్యునిచే చూపించుడు. రోగము లేదనినచో సంతోషించి ఊరకుండక, మనస్సులో నేమున్నదో మెల్లగా అడుగుడు. ఫోనిచ్చినపుడు ఏకాంతము నిండు, ఐనను దూరమై పోకుడు. మనుష్యునివలె బదులు చెప్పు యంత్రములు నేడు ఫోనులో ననేకము వచ్చినవి; వానినే నమ్మి బిడ్డను వదలకుడు. బిడ్డ నోట చావు మాట వచ్చినచో తెల్లవారనిండని వేచియుండక, ఆ క్షణమే 14416కు ఫోను చేయుడు, ఆసుపత్రికి గొనిపొండు, ఒంటరిగా విడువకుడు.

ఆ పిల్ల యిప్పుడు మా యింటికి పాలు తెచ్చుచున్నది. నా మాటకు క్షమింపుమని దాని నడిగితిని. నవ్వి, "పాలు పొంగిపోవుచున్నవి, చూడుడు అమ్మగారూ" అనినది.