సైట్‌ మీది... అవసరం వాళ్లది!

వెబ్‌సైట్‌ కట్టడం ఇప్పుడు చాలామందికి వచ్చు. దాన్ని తెరిచేవాళ్లకు ఏం కావాలో కనిపెట్టడం మాత్రం కొందరికే వచ్చు. ఉద్యోగాల్లో తేడా వచ్చేది అక్కడే!

పలాస-కాశీబుగ్గలో ఓ జీడిపప్పు వ్యాపారి మిమ్మల్ని పిలిచి ‘బాబూ, మనకో వెబ్‌సైట్‌ చేసిపెట్టు’ అన్నారనుకోండి. ఏం చేస్తారు? చాలామందికి తెలిసిన దారి ఒకటే. ఓ టెంప్లేట్‌ తీసుకుంటారు. పైన జీడితోటల ఫొటోలు నాలుగు గిరగిరా తిరుగుతుంటాయి. కింద ‘మా సంస్థకు స్వాగతం’, యజమాని ఫొటో, ఆయన సందేశం, ‘మా విజన్‌’, ‘మా మిషన్‌’. అట్టడుగున ఎక్కడో ఫోన్‌ నంబర్‌. ఏఐ టూల్స్‌ వచ్చాక ఇదంతా ఓ పూట పని. చూసి యజమాని కూడా సంతోషిస్తారు.

ఇప్పుడు ఆ సైట్‌ని విశాఖలోని ఓ స్వీట్‌ షాపాయన తెరిచారు. ఆయనకు కావాల్సినవి నాలుగే ముక్కలు. డబ్ల్యూ-320 రకం ఉందా? ఇవాళ కిలో ఎంత? కనీసం ఎన్ని డబ్బాలు తీసుకోవాలి? ఎప్పటికి చేరుతుంది? ఈ నాలుగింటిలో ఒక్కదానికీ అక్కడ జవాబు లేదు. ఆయన వెనక్కి వెళ్లిపోయి ఇంకో సైట్‌ తెరుస్తారు. పోయిన బేరం పోయినట్టు కూడా మన యజమానికి తెలీదు!

ఒకే సైట్‌... ముగ్గురు మనుషులు

స్వీట్‌ షాపాయనకు రకం నంబర్‌ తెలుసు. డబ్ల్యూ-320 అంటే పౌనుకు, అంటే దాదాపు 454 గ్రాములకు 300 నుంచి 320 గుడ్లు తూగే పప్పు. నంబర్‌ పెరిగేకొద్దీ గుడ్డు చిన్నదవుతుంది. డబ్ల్యూ-180 అంటే బాగా పెద్ద గుడ్డు. వ్యాపారికి ఈ నంబర్లు చాలు.

కానీ పండక్కి కిలో పప్పు తెప్పించుకునే గృహిణికి ‘డబ్ల్యూ-320’ అంటే ఏం అర్థమవుతుంది? ఆవిడ ప్రశ్న వేరు. పాయసంలోకి ఏది తీసుకోవాలి? కూర గ్రేవీలోకి నూరుకోవడానికి గుడ్డు పప్పే కావాలా, బద్దో ముక్కో సరిపోతుందా? కొరియర్‌ ఖర్చుతో కలిపి ఎంతవుతుంది?

మూడో మనిషి వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఫోన్‌లో చూస్తున్న రైతు. ఆయనకు పప్పు ధరతో పని లేదు. జీడిపిక్కలు ఎంతకు కొంటున్నారో కావాలి. అదీ క్వింటాల్‌ లెక్కన కాదు. ఉద్దానంలో పిక్కల ధర 80 కిలోల బస్తా లెక్కన మాట్లాడుకుంటారు. సైట్‌లో టన్ను ధర పెడితే ఆయన కాలిక్యులేటర్‌ పట్టుకోవాలి.

సరుకు ఒకటే, ఊరు ఒకటే, ప్రశ్నలు మాత్రం వేర్వేరు. ఈ మూడు ప్రశ్నలూ మొదటి స్క్రీన్‌ మీద మూడు దారులుగా కనిపిస్తే అది పనికొచ్చే సైట్‌. రంగులు, యానిమేషన్లు ఆ తర్వాతి మాట. చదువుల భాషలో దీన్నే యూజర్‌ ఎక్స్‌పీరియన్స్‌, పొట్టిగా యూఎక్స్‌ అంటున్నారు.

మీ కాలేజీ సైట్‌ తెరిచి చూడండి

ఈ జబ్బు మన దగ్గరే ఉందనుకోకండి. అమెరికన్‌ కార్టూనిస్ట్‌ రాండల్‌ మన్రో 2010లో తన ‘ఎక్స్‌కేసీడీ’ కార్టూన్లలో రెండు వృత్తాలు గీశారు. ఒక దాంట్లో యూనివర్సిటీ సైట్ల మొదటి పేజీలో ఉండేవి, రెండో దాంట్లో జనం అక్కడ వెతికేవి. రెండు వృత్తాలూ కలిసిన చోట ఉన్నది ఒక్కటే... ఆ విద్యాసంస్థ పూర్తి పేరు! టెక్కలిలో ఇంజినీరింగ్‌ చదువుతున్నా, ఎచ్చెర్ల ట్రిపుల్‌ఐటీలో ఉన్నా మీ కాలేజీ సైట్‌ని ఓసారి ఆ కళ్లతో చూడండి. పరీక్ష ఫీజు చివరి తేదీ, బస్సు రూటు, సర్టిఫికెట్ల కోసం ఎవరిని కలవాలి... ఇవి ఎన్ని క్లిక్కుల్లో దొరుకుతున్నాయి?

దీనికి ఎదురు ఉదాహరణ బ్రిటన్‌ ప్రభుత్వానిది. 2012 అక్టోబరులో వాళ్లు ‘గవ్‌.యూకే’ అనే సైట్‌ని మొదలుపెట్టారు. అంతకుముందున్న డైరెక్ట్‌గవ్‌, బిజినెస్‌ లింక్‌ల స్థానంలో అది వచ్చింది. ఆ బృందం రాసుకున్న మొదటి సూత్రం... వాడేవాళ్ల అవసరం నుంచి మొదలుపెట్టాలి, ప్రభుత్వ అవసరం నుంచి కాదు. అందులో సెలవుల పేజీ తెరిస్తే రాబోయే సెలవు ఎప్పుడో పైనే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. ఎందుకంటే ఆ పేజీకి వచ్చే చాలామంది ప్రశ్న అదే. పెద్దగా అలంకారాలు లేని ఆ సైట్‌కి 2013లో లండన్‌ డిజైన్‌ మ్యూజియం ‘డిజైన్‌ ఆఫ్‌ ది ఇయర్‌’ ఇచ్చింది.

ఇక్కడ ఒక్క క్లిక్కు... ఒక రోజు కూలి

పప్పు బేరం పోతే కొంత డబ్బు పోతుంది. ఉద్దానంలో అంతకన్నా పెద్ద విషయాలున్నాయి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు లాంటి మండలాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్‌ అంటే సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. రోగితోపాటు ఇంట్లో ఇంకొకరి రోజు కూడా పోతుంది.

ఇలాంటి రోగులు వచ్చే ఏ ఆస్పత్రికైనా మీరు సైట్‌ చేయాల్సి వచ్చిందనుకోండి. దాన్ని తెరిచేది ఎవరు? రోగి అనుకుంటే పొరపాటే. చాలాసార్లు అది చెన్నైకో, హైదరాబాద్‌కో వలస వెళ్లిన కొడుకు. ఊళ్లో ఉన్న అమ్మ ఫోన్‌ చేసి ‘ఏటి బాబూ, రేపెళ్తే డాక్టరుగారుంటారా, కాయితాలేటి పట్టికెళ్లాల?’ అని అడిగితే, పని మధ్యలో ఫోన్‌ తీసి వెతుకుతాడు. దొరికింది అమ్మకు చెప్పాలి, లేదా పక్కింటి కుర్రాడి వాట్సప్‌కి పంపాలి.

ఇది తెలిశాక మీ డిజైన్‌ మొత్తం మారిపోతుంది. మొదటి స్క్రీన్‌లో ఉండాల్సినవి ఇవీ: కిడ్నీ డాక్టరు ఏ రోజుల్లో, ఏ సమయంలో చూస్తారు? ఆధార్‌, పాత రిపోర్టులు... ఇంకా ఏం తేవాలి? నొక్కితే కాల్‌ వెళ్లే నంబర్‌. ఒక్క మెసేజ్‌గా పంపగలిగే సమాచారం. ‘నెఫ్రాలజీ విభాగం’ అని మాత్రమే రాస్తే సరిపోదు. ‘కిడ్నీ డాక్టరు’ అని కూడా రాయాలి. జనం వెతికే మాట అదే.

అన్నిటికన్నా ముఖ్యం తేదీ. ‘ఈ సమాచారం ఈ ఉదయం సరిచూశాం’ అని ఉండాలి. పాత సమాచారం అసలు లేనిదానికన్నా ప్రమాదం. డాక్టరు లేని రోజున ఉన్నట్టు చూపిస్తే ఇద్దరి బస్సు ఛార్జీలు, ఒకరి కూలి, ఒకరి ఓపిక పోయినట్టే. కాబట్టి సైట్‌ అప్పగించేటప్పుడే ‘దీన్ని రోజూ ఎవరు మారుస్తారు?’ అని అడగండి. ఎవరూ లేకపోతే రోజూ మారే సమాచారం పెట్టకండి. ఎత్తి మాట్లాడే ఫోన్‌ నంబర్‌ పెట్టండి, చాలు.

తిత్లీ తుపాను కూడా గుర్తుచేసుకోండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర్లో తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు కూలాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున కాస్త సిగ్నల్‌ దొరికిన మనిషికి, అయిపోతున్న ఛార్జింగ్‌తో, తిరిగే ఫొటోలు లోడ్‌ అయ్యేదాకా ఆగే ఓపిక ఎక్కడుంటుంది? వట్టి అక్షరాలతో తెరుచుకునే పేజీ కావాలి. మామూలు రోజుల్లో కూడా అసలు సమాచారం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్‌ పెట్టిన కొలత. మీ సైట్‌ని పేజ్‌స్పీడ్‌ ఇన్‌సైట్స్‌లో ఉచితంగా పరీక్షించుకోవచ్చు.

అవసరం ఎలా తెలుస్తుంది?

ఇంట్లో కూర్చుని ఊహిస్తే తెలీదు. దీనికో పద్ధతి ఉంది.

1. ఫోన్‌ దగ్గర కూర్చోండి. షాపు, ఆస్పత్రి, కాలేజీ... ఏదైనా సరే. వారం రోజులు వచ్చే ప్రతి ప్రశ్ననీ అడిగినవాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాయండి. చివర్లో లెక్కపెట్టండి. ఎక్కువసార్లు వచ్చిన ఐదు ప్రశ్నలే మీ మొదటి పేజీ.

2. ఒక్కో ప్రశ్ననీ వాక్యంగా మార్చండి. ‘నేను ఫలానా. నాకు ఇది తెలియాలి. తెలిస్తే ఈ పని చేసుకుంటాను.’ టెక్కలి దగ్గరి తేలినీలాపురం పక్షుల కేంద్రాన్నే తీసుకోండి. ‘పిల్లలతో వచ్చే నాన్నని. ఇప్పుడొస్తే పెలికాన్లుంటాయో లేదో తెలియాలి. తెలిస్తే ఆదివారం బయల్దేరతాను.’ ఈ వాక్యం రాశాక మొదటి పేజీలో చరిత్ర వ్యాసం పెట్టాలనిపించదు. ‘పక్షులు ఇప్పుడు ఉన్నాయా, ఎలా రావాలి?’ అన్నదే పెడతారు.

3. ముందు కాగితం మీద గీయండి. కోడ్‌ రాశాక మార్చాలంటే మనసొప్పదు. కాగితమైతే చింపేయొచ్చు.

4. ఐదుగురితో పరీక్షించండి. యూజబిలిటీ నిపుణుడు జాకబ్‌ నీల్సన్‌ 2000లో రాసిన వ్యాసం ప్రకారం ఐదుగురు వాడి చూస్తేనే దాదాపు 85 శాతం ఇబ్బందులు బయటపడతాయి. వాళ్లను ‘బాగుందా?’ అని అడక్కండి. మొహమాటానికి ‘బాగుంది’ అనేస్తారు. పని చెప్పండి: ‘రేపు అమ్మను తీసుకురావాలి. ఏం కాగితాలు కావాలో కనుక్కోండి.’ తర్వాత నోరు మూసుకుని చూడండి. వేలు ఎక్కడ ఆగిందో అక్కడే మీ తప్పు ఉంది.

యజమాని ‘నా ఫొటో పైనుండాలి’ అంటే? వాదించకండి. నోట్‌బుక్‌ ముందు పెట్టండి. ‘అయ్యా, వారంలో ధర అడిగినవాళ్లు ఇంతమంది, మీ సందేశం అడిగినవాళ్లు ఎవరూ లేరు’ అని చూపించండి. ఆయనకూ అమ్మకాలు కావాలి. ఆయన అవసరం, కొనేవాళ్ల అవసరం కలిసే చోటు చూపించడమే మీ పనితనం. ఫొటోను ‘మా గురించి’ పేజీలో గౌరవంగా పెట్టొచ్చు. కొత్త కొనుగోలుదారుకు నమ్మకం కలిగించేది అది కూడా.

ఒక్కోసారి ‘అసలు వెబ్‌సైటే అక్కర్లేదు’ అని తేలొచ్చు. వచ్చే వాళ్లంతా వాట్సప్‌లోనే ఉంటే ఓ వాట్సప్‌ బిజినెస్‌ కేటలాగ్‌ చాలు. రాష్ట్ర ప్రభుత్వమే 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సప్‌లోకి తెచ్చింది. జనం ఉన్న చోటికే వెళ్లడం కూడా డిజైనే.

తెలుగు సైట్లకు కొన్ని జాగ్రత్తలు

* ముఖ్య సమాచారాన్ని ఫొటోగా పెట్టొద్దు. సెర్చ్‌లో సరిగా దొరకదు, కాపీ చేయడం కష్టం, చూపు లేనివారికి ఫోన్‌ చదివి వినిపించలేదు. యూనికోడ్‌ అక్షరాల్లోనే రాయండి.
* తెలుగులో వత్తులు కిందికి వస్తాయి. ఇంగ్లిష్‌ కొలతలతో వరుసలు ఇరుకుగా పెడితే తెగిపోతాయి. వరుసల మధ్య జాగా పెంచండి.
* అక్షరాలకు, వెనక రంగుకు మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్‌ యాక్సెసిబిలిటీ ప్రమాణం. లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో కనిపించవు.
* ‘జీడిపిక్కల రేటు’ అని చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లిష్‌ అక్షరాల్లో టైప్‌ చేస్తారు, లేదా మాట్లాడి వెతుకుతారు. పేజీ రాసేటప్పుడు అది మరిచిపోవద్దు.

ఉద్యోగం మాటేంటి?

నా టెక్‌ బ్లాగుకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ‘ఏ ఫ్రేమ్‌వర్క్‌ నేర్చుకోవాలి?’ అన్నదే. ఏదైనా నేర్చుకోండి. కానీ స్క్రీన్‌ గీసిపెట్టే పని ఏఐ టూల్స్‌ చేతికి వెళ్తున్న కొద్దీ, ఏం గీయాలో చెప్పగలిగినవాళ్లకు విలువ పెరుగుతోంది. యూఎక్స్‌ డిజైనర్‌, యూఎక్స్‌ రిసెర్చర్‌, యూఎక్స్‌ రైటర్‌, ప్రొడక్ట్‌ డిజైనర్‌... ఇవన్నీ ఆ దారిలోని ఉద్యోగాలే. యూఎక్స్‌ రైటర్‌కి తెలుగు బాగా రావడం అదనపు బలం.

నేర్చుకోవడానికి ఎన్‌పీటెల్‌లో హ్యూమన్‌-కంప్యూటర్‌ ఇంటరాక్షన్‌ పాఠాలు ఉచితం. కోర్సెరాలో గూగుల్‌ యూఎక్స్‌ డిజైన్‌ సర్టిఫికెట్‌ ఉంది. గీయడానికి ఫిగ్మా ఉచిత ప్లాన్‌ సరిపోతుంది. బీటెక్‌ తర్వాత ఐఐటీల్లో ఎండెజ్‌ చేయాలంటే ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్‌ పరీక్ష రాయాలి. ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్‌ విభాగం ఉంది.

పోర్ట్‌ఫోలియోలో పేరున్న యాప్‌లకు కొత్త రంగులేసి పెట్టడం చాలామంది చేసేదే. మీరు మీ ఊరి పని పెట్టండి. ఎవరిని కలిశారు, ఏం అడిగారు, ఐదుగురిలో ఎవరు ఎక్కడ ఆగిపోయారు, దాంతో ఏం మార్చారు... ఈ నాలుగూ రాయండి. ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు. జీడిపిక్కల బస్తాకు ఎన్ని కిలోలో బెంగళూరు ఆఫీసులో కూర్చున్న డిజైనర్‌కి తెలీదు. మీకు తెలుసు. అది చిన్న ఆస్తి కాదు.

ఈ వారమే మొదలుపెట్టొచ్చు. ల్యాప్‌టాప్‌ కూడా అక్కర్లేదు. మీ వీధిలో ఫోన్‌ ఎక్కువగా మోగే చోటు ఒకటి చూసుకోండి. ఓ నోట్‌బుక్‌, పెన్ను పట్టుకుని అనుమతి అడిగి, ఓ పక్కన కూర్చోండి.