నరం నలిగితే స్కానింగ్‌లో ఏం కనపడుతుంది?

పల్నాటి బెల్లంకొండ చుట్టుపక్కల చేలల్లో మిరప కోతలకు వెళ్లే ఆడవాళ్లకు పనికొచ్చే విశేషం ముందు. మణికట్టు దగ్గర ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకైన సందు ఉంది. వేళ్లను ముడిచే తొమ్మిది కండరపు తాళ్లు, ఒకే ఒక్క నరం అందులోంచే అరచేతిలోకి వెళ్తాయి. తాళ్ల చుట్టూ వాపు వస్తే నలిగేది నరమే. బొటనవేలి నుంచి ఉంగరపు వేలు దాకా తిమ్మిరి పట్టి, రాత్రిళ్లు నిద్ర లేపుతుంది. చిటికెన వేలుకు ఈ బాధ లేదు, దాని నరం వేరే దారిన పోతుంది.

ఈ నలుగుడు చూడటానికి చాలాసార్లు అల్ట్రాసౌండే సరిపోతుంది. సందులో దూరే చోట నరం ఉబ్బి కనపడుతుంది. అక్కడ దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే డాక్టర్లు అనుమానిస్తారు.

1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్స్‌రేకు ఎముక చిక్కుతుంది, నరం చిక్కదు. అయినా మన వైపు ఒక నరాల జబ్బు గుట్టు విప్పడంలో దాని సాయం పెద్దది. పల్నాటికి దక్షిణాన ఉన్న పొదిలి, దర్శి ప్రాంతం ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. నెల్లూరు జిల్లాలో బావినీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను పాడుచేస్తోందని 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు బయటపెట్టారు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను గుర్తించిన తొలి నివేదికలు అవే. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే వెన్నుపూసలు మందమెక్కుతాయి, వాటిని పట్టి ఉంచే బంధనాలు కూడా ఎముకలా గట్టిపడతాయి. లోపలి దారి ఇరుకై వెన్నుపాము నలుగుతుంది, కాళ్లు బిగుసుకుపోతాయి.

ఇక్కడో చిత్రం ఉంది. రోగం వెన్నులో ఉంటే ముంజేతికి ఎక్స్‌రే తీస్తారు! ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పొర సున్నం పట్టి అంచులు ముళ్లుముళ్లుగా కనపడితే అది ఫ్లోరైడ్ వేలిముద్ర. గట్టిపడ్డ బంధనాలను చూడటానికి సీటీ మేలు. వెన్నుపాము ఎంత నలిగిందో చెప్పాల్సింది ఎమ్మారై. హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ జబ్బులో నరాల సంగతులను ఏళ్ల తరబడి పరిశోధించారు.

1977లో మనిషి ఒంటికి తొలి ఎమ్మారై తీయడానికి దాదాపు ఐదు గంటలు పట్టింది. ఇప్పుడు నడుముకు అరగంట చాలు. సాధారణ 1.5 టెస్లా యంత్రంలోని అయస్కాంత బలం భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు.

నరాలను దెబ్బతీసే ఇంకో జబ్బు కుష్ఠు. అందులో నరాలు లావెక్కుతాయి. మోచేతి పైన వేళ్లతో తడిమి చూడటం పాత పద్ధతి. హైదరాబాద్ డాక్టర్లు 20 మంది రోగుల నరాలను, ఆరోగ్యవంతులైన 30 మంది నరాలను అల్ట్రాసౌండ్‌తో పోల్చి, 2009లో ఫలితం ప్రకటించారు. చేతికి తెలిసినదానికంటే నష్టం ఎక్కువ నరాల్లో ఉందని తేలింది. ఖరీదైన ఎమ్మారై లేకుండానే ఈ సంగతి తేలడం నాకు బాగా నచ్చింది.

ఇక అందరికీ తెలియాల్సిన విశేషం. అమెరికాలో నడుం నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీశారు. సగం మందికి పైగా డిస్కు ఉబ్బి కనపడింది! 1994 నాటి లెక్క ఇది. కాబట్టి రిపోర్టులో 'డిస్కు ఉబ్బింది' అని రాసి ఉంటే వెంటనే ఆపరేషన్ అనుకోవడం తొందరపాటే. తిమ్మిరి ఎక్కడ, బలం ఎక్కడ తగ్గింది అన్నవి ఫిల్మ్‌తో కలవాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. నడుం నొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పినా, మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ పోయినా, ఆ రోజే గుంటూరు పెద్దాసుపత్రి లాంటి చోటికి వెళ్లండి.