బ్రేకుల సంగతి: ఇంట చేయదగినవి, చేయరానివి

నిజామాబాదు, బోధను ప్రాంతములలో మోటారు వాహనము లేని వీథి నేడు అరుదు. కారో, ట్రాక్టరో, మోటారు సైకిలో ప్రతి వాడలోను కానవచ్చును. వాహనము గలవారికి చిన్న చిన్న మరమ్మతులు స్వయముగా చేసికొనవలెనను కోరిక కలుగుట సహజము. అది మంచి కోరికయే. స్వహస్తముతో పని నేర్చినవానికి తన బండి గుణము తెలియును, ఖర్చు కూడ తగ్గును. అయితే ఒక్క విషయమున మాత్రము జాగ్రత్త అవసరము. ఇంజను చెడినచో బండి కదలదు; బ్రేకు చెడినచో బండి ఆగదు. మొదటి దానివలన ప్రయాణము తప్పును, రెండవ దానివలన ప్రాణము పోవచ్చును. కనుక బ్రేకులు ఎట్లు పనిచేయునో, వానిలో గృహస్థుడు చేయదగిన పని ఎంతవరకో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

1931లో పూర్తియైన నిజాముసాగరము కాలువల క్రింద చెరకు సాగు పెరిగినది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైనది. ఆ తొలి రోజులలో చెరకు ఎడ్ల బండ్లపై కర్మాగారమునకు చేరెడిది. ఎడ్ల బండి వేగము మనిషి నడకకు మించదు. పగ్గము లాగినచో ఎద్దులే నిలుచును. ఎద్దులే దానికి బ్రేకు. పల్లమున దిగునపుడు మాత్రము బరువు వెనుకనుండి త్రోయును. అందుకై కొన్ని బండ్లకు చక్రపు ఇనుప పట్టాను ఒత్తుకొను చెక్క దిమ్మె అమర్చెడివారు. ఒత్తిన కొలది చెక్క వేడెక్కి మాడు వాసన వచ్చును. బ్రేకు సూత్రమంతయు ఆ వాసనలోనే ఉన్నది. బ్రేకు వేగమును మాయము చేయదు. రాపిడి ద్వారా దానిని వేడిగా మార్చును. ఆ కర్మాగారమున 2015 డిసెంబరులో పని నిలిచిపోయినది. చెరకు మోతకు ట్రాక్టరు ట్రాలీలు, లారీలు వచ్చినవి. వేగము, బరువు పెరిగినవి గాని సూత్రము మారలేదు.

ఆ వేడి ఎంతయో లెక్కించి చూతము. వెయ్యి కిలోల బరువుగల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవుచు ఒక్కసారి ఆగినచో, ముప్పాతిక లీటరు చన్నీటిని మరుగు దశకు తెచ్చుటకు చాలినంత వేడి పుట్టును. వేగము 40 అయినచో అందులో నాల్గవ వంతే, అనగా ఒక గ్లాసెడు నీటికి సరిపడునంత. వేగము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. బండి ఆగు దూరమును నాలుగు రెట్లగును. పొడిగానున్న మంచి రోడ్డుపై, బ్రేకులు చక్కగానున్న కారు 40 వేగమున సుమారు 9 మీటర్లలోను, 80 వేగమున సుమారు 35 మీటర్లలోను నిలుచును. అపాయమును చూచి కాలు పెడలుపైకి చేర్చుటకు ఒక సెకండు పట్టినచో, ఈ దూరములకు వరుసగా 11, 22 మీటర్లు కలుపుకొనవలెను.

మనిషి కాలికి ఇంత బలమెక్కడిది? మూతగల పాత్రలోని ద్రవముపై ఒకచోట ఒత్తిడి కలిగించినచో అది అన్ని దిక్కులకు సమముగా ప్రసరించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు పాస్కల్ నిరూపించెను. పెడలు త్రొక్కినపుడు మాస్టర్ సిలిండరులోని ద్రవము సన్నని గొట్టముల గుండా నాలుగు చక్రములకు ఆ ఒత్తిడిని చేరవేయును. చక్రము వద్ద ముషలకము పెద్దది కనుక బలము హెచ్చును. ద్రవము నొక్కుకొనదు గాని గాలి నొక్కుకొనును. గొట్టములో గాలి చేరినచో పెడలు మెత్తబడి, కాలి బలమంతయు ఆ గాలిని నొక్కుటకే వ్యయమగును. మన మెకానిక్కులు ‘ఎయిర్ తీయుట’ అని చెప్పునది ఆ గాలిని వెడలగొట్టు పనియే.

బ్రేకుల చరిత్రలో సామాన్యుల కార్ల కంటె అపురూపమైన కార్లే ముందు నడచినవి. అయితే తొలినాళ్లలో ఎంత విలువైన కారుకైనను బ్రేకులు స్వల్పమే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కోరగా తయారైన పసుపు పచ్చని రోల్స్ రాయిస్ సింహాసనపు కారు 1912 నాటిది. దానికి లండనులోని బార్కర్ సంస్థ పైభాగమును నిర్మించినది. నిజాము 1911లోనే మరణించుటచే అది ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖానుకు చెందినది. ఆ కాలపు సిల్వర్ ఘోస్టు కార్లలో ముందు చక్రములకు బ్రేకులే లేవు. నాలుగు చక్రముల బ్రేకులు ఆ తరగతి కార్లకు 1923లో గాని లభింపలేదు. ఊరేగింపునకు మాత్రమే తీయు బండికి అది పెద్ద లోపము కాలేదు.

వేగము పెరిగిన పిదప లోపము బయటపడినది. ఫ్రాన్సులోని లమాన్ నగరమున జరుగు 24 గంటల పందెములో ఆ రోజులలో దాదాపు ఆరు కిలోమీటర్ల తిన్నని బాట, దాని చివర గట్టి మలుపు ఉండెడివి. బ్రేకు డ్రమ్ము మూసిన డబ్బా వంటిది. అందులో పుట్టిన వేడి వెలికి పోలేక, రాపిడి క్షీణించి, త్రొక్కినను బ్రేకు పట్టెడిది కాదు. 1953లో జాగ్వార్ సంస్థ తన సి-టైపు కారుకు డన్‌లప్ డిస్కు బ్రేకులు అమర్చి ఆ పందెము గెలిచినది. గంటకు నూరు మైళ్లకు, అనగా 160 కిలోమీటర్లకు మించిన సగటు వేగము ఆ పందెమున నమోదగుట అదే మొదలు. డిస్కు గాలిలో తెరచియుండు పళ్లెము వంటిది; వేడిని వెంటనే గాలికి ఇచ్చివేయును. అందువలన ఆ కారు మలుపునకు మరింత చేరువగా వచ్చి బ్రేకు వేయగలిగినది.

1957లో అదే సంస్థ తన పందెపు కారు డి-టైపును రోడ్డుకు అనువుగా మార్చి, ఎక్స్.కె.ఎస్.ఎస్. అను పేర 25 కార్లు చేయ తలపెట్టినది. ఫిబ్రవరి 12వ తేదీన కోవెంట్రీలోని వారి కర్మాగారమున అగ్నిప్రమాదము జరిగి 9 కార్లు నాశనమైనవి. అప్పుడు పూర్తియైనవి 16 మాత్రమే. ఆ పదునారింటికి నాలుగు చక్రములందును డిస్కు బ్రేకులే. నాడు కొద్దిమందికి దక్కిన ఆ సాధనమే నేడు మన సామాన్యపు కార్ల ముందు చక్రములందు కలదు. ఇటీవల మన హైదరాబాదులోనే మరియొక ముందడుగు కనబడినది. 2023 ఫిబ్రవరి 11న హుసేనుసాగరము ఒడ్డున జరిగిన విద్యుత్ కార్ల పందెములో, సాధారణముగా వెనుక చక్రముల వేగము తగ్గించినది విద్యుత్ మోటారే. అది వేగమును వృథా వేడిగా పోనీయక కొంత తిరిగి బ్యాటరీకి చేర్చును.

స్పోర్ట్సు కార్ల రూపమునకు ముచ్చటపడి మన యువకులు తమ బండ్లకు వెడల్పు టైర్లు, పెద్ద ధ్వని చేయు సైలెన్సర్లు, రంగు గీతలు అమర్చుట చూచుచున్నాము. ఆ కార్లనుండి నేర్వదగిన మొదటి పాఠము వేరు. వాని నిర్మాతలు వేగము పెంచినపుడెల్ల దానిని ఆపు ఏర్పాటును కూడ పెంచిరి.

ఇక ఇంటి పని. దీనికి మేము చెప్పు సూత్రమొక్కటే: చూచుట ఇంటివారి పని, విప్పుట పనివాని పని.

చూచుటకు పనిముట్లు అక్కరలేదు. మొదట ఇంజను గదిలోని బ్రేకు ద్రవపు డబ్బాను మూత తీయకయే చూడవలెను. మట్టము పై గీతకు, క్రింది గీతకు నడుమ ఉండవలెను. ప్యాడ్లు అరిగిన కొలది అది మెల్లగా తగ్గును; హఠాత్తుగా తగ్గినచో ఎచ్చటనో కారుచున్నదన్నమాట. అప్పుడు ద్రవము పోసి ఊరకుండరాదు, కారణము వెదకింపవలెను. చక్రముల లోపలి ప్రక్క తడి కలదేమో చూడవలెను. పిమ్మట ఇంజను ఆపి, పెడలును నాలుగైదు సార్లు త్రొక్కి, ఒక నిమిషము అదిమి పట్టవలెను. అది మెల్లగా క్రిందికి జారినచో లోపల లోపము కలదు. కాలు తీయకయే ఇంజను నడిపినచో పెడలు కొద్దిగా దిగవలెను. అది బ్రేకుకు సాయపడు సర్వో పనిచేయుచున్నదనుటకు గుర్తు. ముందు ప్యాడ్ల దళసరి చక్రపు సందులనుండి కనబడును. రాపిడి పదార్థము మూడు మిల్లీమీటర్లకు తగ్గినచో మార్పింపవలెను. ఇనుము ఇనుమును గీరు శబ్దము వినబడినచో ఆ బండిని ఇక నడుపరాదు.

బ్రేకు ద్రవమును గూర్చి ఒక మాట. అందరును దానిని ‘బ్రేక్ ఆయిల్’ అందురు. ఆ పేరు మోసపుచ్చును. మన కార్లలోనిది నూనె కాదు. పొరపాటున ఇంజను ఆయిలు పోసినచో రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకులన్నియు చెడును. డబ్బా మూతపై వ్రాసిన రకమునే వాడవలెను. ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 అను రకము క్రొత్తగానున్నపుడు కనీసము 230 డిగ్రీల వరకు మరుగదు. తేమ పట్టిన పిదప ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చును. మరిగినచో ఆవిరి పుట్టును, పెడలు నేల నంటును. అందుచేత సాధారణముగా రెండేండ్లకొకసారి దానిని మార్పింపవలెను. తెరచి ఉంచిన పాత సీసాలోనిది పోయరాదు.

పనివాని ప్రక్కన నిలిచి నేర్చినవారు ముందు ప్యాడ్లను స్వయముగా మార్చుకొనవచ్చును. అట్టివారికి కొన్ని హెచ్చరికలు. బండి సమతలమున నిలిపి, నేలపై ఉండు చక్రములకు అడ్డురాళ్లు పెట్టవలెను. జాకీ బండిని లేపుటకే. లేపిన బండిని దృఢమైన స్టాండుపై నిలుపక దాని క్రిందికి పోరాదు. ఒక ప్రక్క మార్చినచో రెండవ ప్రక్కను మార్చవలెను, లేనిచో బండి ఒక వైపునకు లాగును. విప్పిన క్యాలిపరును రబ్బరు గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టవలెను. ధూళిని నోటితో ఊదరాదు. పాత సామానులో ఊపిరితిత్తులకు హాని చేయు ఆస్బెస్టాసు ఉండవచ్చును, తడిగుడ్డతో తుడువవలెను. అన్నిటికంటె ముఖ్యము: పని ముగిసిన పిమ్మట బండి కదల్చుటకు ముందే పెడలు గట్టిపడు వరకు పలుమార్లు త్రొక్కవలెను. అట్లు చేయనిచో మొదటి త్రొక్కుడు వ్యర్థమై, బండి ఇంటి గోడనో, ఎదుటి మనిషినో తాకును.

మాస్టర్ సిలిండరు, బ్రేకు గొట్టములు, 2019 నుండి మన దేశమున క్రొత్త కార్లన్నిటికి తప్పనిసరియైన ఏ.బి.ఎస్. యంత్రము, ఇవి ఇంట తాకరానివి. కొన్ని కార్లలో ఆ యంత్రమునుండి గాలి తీయుటకు ప్రత్యేక పరికరము కావలెను.

చెరకు రైతులకు ప్రత్యేకముగా ఒక మనవి. పొలములో మలుపు తిప్పుటకై ట్రాక్టరు కుడి, ఎడమ చక్రములకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉండును. రోడ్డెక్కుటకు ముందు ఆ రెంటిని గొళ్లెముతో కలుపవలెను. లేనిచో తొందరలో ఒక్కటే త్రొక్కబడి ట్రాక్టరు గిర్రున తిరిగి బోల్తాపడవచ్చును. ట్రాలీకి స్వంత బ్రేకులు లేనిచో దాని బరువంతయు ట్రాక్టరును వెనుకనుండి త్రోయును. వంతెన దిగుటకు ముందే చిన్న గేరులోనికి మార్చి నెమ్మదిగా దిగవలెను. నిండు బండికి, ఖాళీ బండికి ఆగు దూరము ఒక్కటి కాదు.

వారమునకొకసారి, బండి కడుగు రోజున, అయిదు నిమిషములు ఈ పరీక్షకు కేటాయింపవచ్చును. ఇంటిలోని పిల్లలకు కూడ డబ్బాపై గీతలను చూపి నేర్పవచ్చును. సందేహము కలిగిన దినమున ప్రయాణము వాయిదా వేసికొనుటయే తగిన పని.